ఎండపూట పెట్టిన గాటు

బాలింగ్ కొండల మీద నుంచి బురదా దుంగలూ కొట్టుకొచ్చిన వరద ఏడాదికి మూడో ఏడు అది. తాతబాబు ఏళ్ళను ఆ వరదతోనే లెక్క పెడతాడు. ఆ వరద వచ్చిన వారానికే ఆయన భార్య నూకమ్మ పోయింది. వరదలో పోలేదు. నీళ్ళు వచ్చింది బాలింగ్ వైపు. మలేసియాలో వీళ్ళుండే సుంగై పెటాని ఊరి దాకా రాలేదు. ఆసుపత్రి మంచం మీద ఒళ్ళు ఉబ్బిపోయి పోయింది. కాని బాలింగ్‌లో ఉన్న ఆమె చెల్లెలు దారి తెగిపోయి రాలేకపోయింది. దాంతో ఆ చావింట్లో తెలుగులో ఏడ్చే మనిషి ఒక్కరూ లేకుండా పోయారు. తమిళ బడిలో చదివిన కొడుకు శ్రీకుమార్ తమిళంలో ఏడ్చాడు. కోడలు మీనాచ్చి తమిళంలో ఏడ్చింది. తాతబాబు ఏడవలేదు. ఆయనకు ఏ భాషలోనూ ఎక్కువ మాటల్లేవు.

ఉన్న ఆ కాసిని మాటలూ చెట్ల గురించే. పుట్టిన రబ్బరు తోటలో ఉన్న తెలుగు బడికి మూడేళ్ళు వెళ్ళాడు. నాలుగో ఏడు తండ్రి ఆయన చేతిలో కత్తి పెట్టాడు. అప్పటి నుంచి రబ్బరు చెట్టుకు గాటు పెట్టి పాలు దింపడమే పని. ఆ తోట పోయి ఫ్యాక్టరీలు లేచాయి. కొడుకు వాటిల్లో ఒకదాంట్లో షిఫ్టు పనికి వెళతాడు. వాగు పక్కన మాత్రం నలభై చెట్ల వరస మిగిలిపోయింది. ఆ నేల యజమాని, ఒక చైనా కిరాణాకొట్టాయన, కోసుకోమన్నాడు. డెబ్బయ్యారేళ్ళ వయసులో కూడా తాతబాబు తెల్లవారక ముందే మోటారుసైకిల్ మీద వెళ్ళి కోస్తాడు.

నూకమ్మ ఉన్నప్పుడు తొమ్మిదింటికి ఇంటికొచ్చి వంటింట్లో పీట మీద కూచునేవాడు. ఆమె టీ కలుపుతూ ఉంటే ఒక్కొక్క చెట్టు సంగతే చెప్పేవాడు.

"ఒకటోది బాగా ఇచ్చినాది. రెండోదానికి బెరడు పలసబడిపోనాది. మూడోదాన్ని ఉడత గీరేసినాది."

"మరి నాలుగోది?"

"నాలుగోది అలిగినాది."

"సెట్టు అలుగుతాదేటి మావా? నీకాడ నేర్సుకున్నాది."

నలభై చెట్లూ అయ్యేసరికి టీ చల్లారిపోయేది. ఆమె మళ్ళీ వేడి చేసేది. అంతే. రోజు మొత్తానికి ఆయన మాట్లాడేది అంతే. ఆ తర్వాత పగలంతా నోరు మూసుకున్నా ఆయనకేమీ లోటు అనిపించేది కాదు.

ఇప్పుడు తొమ్మిదింటికి వచ్చి, గిన్నెలో ఉన్నది తిని, కుర్చీలో కూచుంటాడు. నూకమ్మ చెల్లెలు ఆ తర్వాత కూడా ఇటు రాలేదు. కోడలు మంచిదే. "మామా, టీ?" అని తమిళంలో అడుగుతుంది. "ఊఁ" అంటాడు. ఊఁ ఏ భాషలోనైనా ఒకటే.

మనవరాలు తనూష ఉంది. పదహారేళ్ళది, హైస్కూల్లో నాలుగో ఫారం చదువుతోంది. దానితోనూ తమిళమే. అది తాతబాబు చేసిన ఏర్పాటే. పిల్లకు నాలుగేళ్ళప్పుడు బాలవాడి పంతులమ్మ, ఇంట్లో రెండు మూడు భాషలయితే పిల్ల తికమక పడుతోందని చెప్పింది. మీనాచ్చి పుట్టింటివాళ్ళు దాని మాటలకు నవ్వారు. ఆ రోజు సాయంత్రం తాతబాబు భార్యతో అన్నాడు.

"ఇకనుంచి గుంటతో అరవమే మాటాడు."

"ఎందుకు?"

"బడికి పనికొస్తాది."

"నాను సచ్చినాక నువ్వెవరితో మాటాడతావు మావా?"

"సెట్లతో."

నూకమ్మ నవ్వలేదు. మర్నాటి నుంచి మనవరాలితో తమిళంలోనే మాట్లాడింది. పిల్ల గదిలోకి వస్తే ముసలాళ్ళిద్దరూ చెప్పుకుంటున్న మాట ఆపేసేవాళ్ళు.

*

మే నెలలో ఒకరోజు టీ కొట్టు దగ్గర నాగప్పన్ కనిపించాడు. నాగప్పన్ తాత ఆ తోటలోనే గుమస్తా. ఇతను బస్సులు మాట్లాడి, బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళను ఊళ్ళు తిప్పి చూపిస్తాడు. తమిళంలోనే మాట్లాడతాడు, అయితే మాట చివర ఇక్కడందరికీ అలవాటైన 'లా' తగిలించకుండా ఊపిరి తీసుకోడు.

"అణ్ణే, ఒక పనుంది లా. ముప్పయ్యారు మంది పిల్లలొస్తున్నారు విశాఖపట్నం నుంచి. హైస్కూలు పిల్లలు. వాళ్ళ దేశంలో ఇప్పుడు వేసవి సెలవులు. బడివాళ్ళే తీసుకొస్తున్నారు, చదువు యాత్ర అంట. రెండ్రోజులు పినాంగ్, ఒక పూట బుజాంగ్ లోయ మ్యూజియం. దారిలో రబ్బరు చెట్టు పాలు ఎలా దింపుతారో చూపించమన్నారు. నాకు తెలిసి నీ అంత పాత చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు."

తాతబాబు టీ ఊదుకుంటున్నాడు.

"అందరూ తెలుగువాళ్ళే అణ్ణే. నీ భాషే."

తాతబాబు గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఎప్పుడు?"

నాగప్పన్ కాస్త వెనక్కి జరిగి చూశాడు. పదేళ్ళ పరిచయంలో ఈ మనిషి తనను అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఈ శుక్రవారం కాదు, ఆపై శుక్రవారం. పదింటికి. వాళ్ళొచ్చి నిలబడ్డాక నువ్వు కొయ్యి. వీడియోలు తీసుకుంటారు లా."

వాళ్ళొచ్చాక కోయమన్న మాటను తాతబాబు లెక్కలోకి తీసుకోలేదు. వేళాకోళం అనుకున్నాడు. పదింటికి ఎవడైనా చెట్టు కోస్తాడా? చల్లటి వేళ చెట్టు నిండుగా ఉంటుంది. గాటు పెడితే పాలు పొంగుకొస్తాయి. పొద్దెక్కాక చెట్టు బిగుసుకుంటుంది, నాలుగు బొట్లు రాల్చి ఊరుకుంటుంది. అందుకే ఈ పనిలో ఉన్నవాడెవడూ సూర్యుణ్ణి చూసి కత్తి పట్టడు. పైగా ఒకసారి కోసిన చెట్టును ఆ రోజు మళ్ళీ ముట్టకూడదు. ఇవి ఎవరూ ఎవరికీ చెప్పే సంగతులు కావు. తోటలో పుట్టిన ప్రతివాడికీ నడక వచ్చేనాటికే వచ్చేస్తాయి.

ఇంటికెళుతూ మోటారుసైకిల్ మీద ఆయన పెదాలు కదిలాయి. ముప్పయ్యారు మంది. అందరూ తెలుగే.

ఆయనకు కావలసింది పెద్దదేమీ కాదు. ఒక్క గంట. తెలుగులో ఒకరు మాట్లాడుతుంటే వినాలి, తను ఒక మాట అంటే ఎదుటి నోటి నుంచి తెలుగులో జవాబు రావాలి. ఇంకా ఒక ప్రశ్న ఉంది. అది డెబ్బయ్యేళ్ళ ప్రశ్న.

ఆయన తల్లి పదేళ్ళ పిల్లగా ఆ విశాఖపట్నం వైపు నుంచే ఓడెక్కి వచ్చింది. చనిపోయేదాకా ఒక్క మాట వదల్లేదు. ఇక్కడ ఎంత ఎండ కాసినా మూతి తిప్పి "ఇదేటి ఎండ! మా ఏసంగి సూడాల" అనేది. ఇక్కడ కాలాలంటూ ఏవీ లేవు. పొద్దున ఎండ, సాయంత్రం వాన, మళ్ళీ ఎండ. ఏడాది పొడుగునా అంతే. రబ్బరు చెట్లకు మాత్రం ఒక కాలం ఉంది, జనవరి దాటాక ఆకంతా రాల్చి మళ్ళీ చిగురు తొడుగుతాయి. మనుషులకు అదీ లేదు. మరి వేసంగి అంటే ఏమిటి? అంత ఎండ కాస్తే దాన్ని తలుచుకుని ఏడవడం దేనికి? తల్లి ఏడ్చేది. చిన్నప్పుడు అడగాలనిపించలేదు. అడగాలనిపించేనాటికి తల్లి లేదు. నూకమ్మా ఇక్కడే పుట్టింది, ఆమెకూ తెలియదు. ఇప్పుడు ఆ వేసంగిలో నుంచే నేరుగా ముప్పయ్యారు మంది బస్సు దిగబోతున్నారు.

మర్నాటి నుంచే దారి పక్కనున్న ఏడు చెట్లను కోయడం మానేశాడు. విశ్రాంతి ఇచ్చిన చెట్టు మొదటి కోతలో దండిగా ఇస్తుంది. పాలు పట్టే మట్టి గిన్నెల్ని, మంగులంటారు వాటిని, వాగులో ఇసుక పెట్టి తోమాడు. చెట్ల చుట్టూ గడ్డి కోశాడు. పిల్లల కాళ్ళకు తగలకూడదని ముళ్ళకంప ఏరి పారేశాడు. గడ్డి కోస్తూ చెట్లకు వినపడేలా అనుకున్నాడు.

"రండి బావూ, రండమ్మా. మాయమ్మ మీకాడినించే వచ్చినాది."

కాదు, అలా కాదు. "మీరందరూ బాగున్నారా?" గొంతు బొంగురుగా వచ్చింది. దగ్గి మళ్ళీ అన్నాడు.

ఎనిమిది రోజులు అలాగే సాగాయి. ఏడు చెట్లూ పాలు దాచుకున్నాయి. ఆయన మాటలు దాచుకున్నాడు.

*

వీళ్ళుండే కెడా రాష్ట్రంలో శుక్రవారం బడి ఉండదు. మీనాచ్చి ముందు రోజే కూతురికి చెప్పింది, తాత వెంట వెళ్ళమని. "పిల్లలకు ఇంగ్లీషులో ఏదైనా కావాలంటే ఆయనకేం తెలుస్తుంది?" తనూష మూతి ముడుచుకుంది. సెలవు నాడు దొరికే నిద్ర పాడవుతుందంది. కడకు తొమ్మిదింటికి వస్తానంది.

తాతబాబు మాత్రం అయిదింటికే చెట్ల దగ్గరున్నాడు. తల మీది దీపం వెలుగులో మొదటి చెట్టుకు గాటు పెట్టాడు. పాలు తీగలా కాదు, పట్టీలా దిగాయి. రెండోది అంతకంటే బాగా ఇచ్చింది. ఏడో చెట్టు అయ్యేసరికి మొదటి మంగు సగం నిండింది. వెలుగొచ్చాక ఏడు మంగులూ అంచుల దాకా తెల్లగా ఉన్నాయి. ఒక్క ఈగ లేదు, ఒక్క ఆకు పడలేదు. మామూలుగా అయితే తొమ్మిదింటికి వాటిని బకెట్లోకి వంచేసేవాడు. ఈ రోజు వంచలేదు. పిల్లలు నిండు మంగులు చూడాలి.

తొమ్మిదింటికి తనూష వచ్చింది, తల్లి ఇచ్చిన కేసరి డబ్బా పట్టుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని. మోటారుసైకిల్ సీటు మీద కూచుంది. పదయింది. పదకొండయింది. నాగప్పన్‌కు ఫోన్ చేస్తే మ్యూజియంలోనే ఉన్నామన్నాడు. ఇంకోసారి చేస్తే, జుమ్మా నమాజు రోజు కదా, మసీదు ముందు రోడ్డు నిండిపోయిందన్నాడు. తాతబాబు చెట్టు నుంచి చెట్టుకు తిరుగుతూ మంగుల్లోకి చూస్తున్నాడు. పాల మీద పొర కట్టింది. పొర ముడత పడింది. పన్నెండయ్యేసరికి ఏడు మంగుల్లోనూ పాలు గడ్డకట్టి, పుల్లటి వాసన మొదలైంది.

"తాతా, కూచోండి" అంది తనూష తమిళంలో. ఆయన కూచోలేదు.

పన్నెండూ నలభైకి బస్సు వచ్చింది.

పిల్లలు బిలబిలా దిగారు. అందరికీ ఒకే పసుపు రంగు చొక్కాలు, ఒకే టోపీలు. మొదట దిగిన కుర్రాడు మెడ మీద చరుచుకుని వెనక్కి తిరిగి కేకేశాడు.

"ఒరేయ్, దోమల్రా బాబూ! ఏనుగులంత ఉన్నాయిరా!"

తాతబాబు కదలకుండా నిలబడ్డాడు. మూడేళ్ళలో ఇంకో నోటి నుంచి ఆయన విన్న మొదటి తెలుగు మాట అది. దోమల్రా బాబూ. ఆ రెండు మాటలనూ లోపలే ఇంకోసారి అనుకున్నాడు.

వాళ్ళ పంతులమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది. పేరు ఇందిర అని చెప్పింది. "నమస్కారమండీ. ఆలస్యమైంది, క్షమించండి. పిల్లలూ, నిశ్శబ్దం! ఈ పెద్దాయన పూర్వీకులు మన ఉత్తరాంధ్ర నుంచే ఇక్కడి తోటలకు వలస వచ్చారు. ఆయన అనుభవాలు ఆయన మాటల్లోనే విందాం."

ఆ తెలుగు రేడియోలో వచ్చేదానిలా ఉంది. ముప్పయ్యారు మొహాలు ఆయన వైపు తిరిగాయి. తాతబాబు నోరు తెరిచాడు. ఎనిమిది రోజులు తోమి పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ దొరకలేదు.

"ఇరవై అయిదు నిమిషాలే ఉంది లా" అన్నాడు నాగప్పన్ వాచీ చూసుకుంటూ. "అణ్ణే, కొయ్యి."

"కోసేసినాను" అన్నాడు తాతబాబు. అది తెలుగే. నాగప్పన్‌కు అర్థం కాకపోతే మంగు చూపించాడు.

ఒక కుర్రాడు వంగి మంగులో వేలు పెట్టాడు. "మేడమ్, ఇది పాలు కాదు, పనీర్!" అందరూ ఘొల్లుమన్నారు. ఇంకో పిల్ల ముక్కు మూసుకుంది.

"పొద్దున్నే ఎవరు కోయమన్నారు నిన్ను? వాళ్ళొచ్చాక కోయమన్నా కదా!" నాగప్పన్ తల పట్టుకున్నాడు. "సరే, ఇంకోసారి కొయ్యి. చిన్న గాటు. వీడియో కోసం లా."

తాతబాబు తల అడ్డంగా ఊపాడు. అప్పటికే ఫోన్లు పైకి లేచాయి. ముప్పయి ఫోన్లు. వాటి వెనక పిల్లల కళ్ళు ఎదురుచూస్తున్నాయి. ఇప్పుడు కాదంటే వీళ్ళు బస్సెక్కి వెళ్ళిపోతారు. ఒక్క మాటైనా మాట్లాడకుండానే వెళ్ళిపోతారు. ఆయన నడుం నుంచి కత్తి తీశాడు.

మిట్టమధ్యాహ్నం, పొద్దున కోసిన గాటు మీదే, మొదటి చెట్టు మీద కత్తి పెట్టి లాగాడు. ఆయన కోతలో బెరడు ఎప్పుడూ బియ్యపుగింజ మందాన చుట్టుకుంటూ ఊడేది. ఈసారి తొందరపడి గట్టిగా లాగాడు. కత్తి బెరడు దాటి లోపలికి దిగింది. చెక్క తగిలిన చప్పుడు ఆయన ఒక్కడికే తెలిసింది. అరవై ఏళ్ళలో, నేర్చుకున్న మొదటి ఏడాది తప్ప, ఆయన చెట్టుకు చెక్క తగలనివ్వలేదు.

నాలుగు బొట్లు వచ్చాయి. అయిదోది గాటు చివర ఆగిపోయింది.

"ఇంతేనా?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

ఆ మాట విన్నాక తాతబాబులో ఏదో తెగింది. ఆయన పిల్లల వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఇంతే కాదు బావూ. పొద్దున రావాల. సీకట్లో రావాల. అప్పుడు సెట్టు సల్లగుంటాది, పాలు పొంగుతాయి. ఎండెక్కినాక సెట్టు నోరు మూసేసుకుంటాది. మీకోసరమని ఎనిమిది రోజులు కొయ్యలేదు నాను. ఏడు మంగులూ నిండినాయి పొద్దున. మీరు రాలేదు. మాయమ్మ పదేళ్ళ గుంట అప్పుడు కప్పల్ ఎక్కి వచ్చినాది. ఇక్కడెంత ఎండ కాసినా, ఇదేటి ఎండ, మా ఏసంగి సూడాల అనేది. నాను సూడలేదు. ఇక్కడ అలాటిది లేదు. ఏసంగి ఎలాగుంటాది? మీరు అందులోనించే కదా వచ్చినారు. సెప్పండి."

ఒక్క ఊపులో వచ్చింది అదంతా. మూడేళ్ళ వేగంతో, మధ్యలో ఓడను తమిళంలో కప్పల్ అంటూ, మాట మీద మాట పడుతూ వచ్చింది. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇందిర పంతులమ్మ నవ్వు మొహంతోనే ఉంది. కాని సగమైనా అందలేదని ఆ నవ్వే చెబుతోంది. ఎవరో ఇంగ్లీషులో, ఈయన తెలుగేనా మాట్లాడింది అని గుసగుసగా అడిగారు.

తాతబాబు కత్తి వైపు చూసుకున్నాడు. అయిపోయిందనుకున్నాడు.

అప్పుడు మోటారుసైకిల్ మీద నుంచి ఇంగ్లీషు వినిపించింది. తనూష. చెవుల్లోంచి పాటలు తీసేసింది. దిగి వచ్చి తాత పక్కన నిలబడి, ఆయన అన్నదంతా వరసగా చెప్పింది. చీకటీ, చల్లదనం, ఎండలో నోరు మూసుకునే చెట్టూ, ఎనిమిది రోజులూ, నిండిన ఏడు మంగులూ, ఓడెక్కిన పదేళ్ళ పిల్లా, అన్నీ చెప్పింది. ఒక్క ముక్క వదల్లేదు. చివరికి వేసంగి గురించి అడిగినది కూడా అడిగింది.

తాతబాబుకు ఇంగ్లీషు రాదు. కాని ఏ మాట దగ్గర మనవరాలి చెయ్యి చెట్టు వైపు తిరిగిందో, ఎక్కడ ఏడు వేళ్ళు చూపించిందో చూశాడు. దీనికి ఎప్పుడు వచ్చింది ఇదంతా?

పిల్లలకు ఇప్పుడు నోళ్ళు వచ్చాయి. అందరూ ఒక్కసారే.

"వేసవా? కరెంటు పోతుంది తాతయ్యా!"

"మాకు వేసవే లేదు. పొద్దున్నుంచీ కోచింగే. ఈ ట్రిప్పు కోసం మా డాడీ కాళ్ళు పట్టుకున్నా."

"అబద్ధం మేడమ్, వీడు ఏసీ గదిలోంచి బయటికి రాడు."

"మామిడికాయలు! ఉప్పూ కారం వేసుకుని!"

పొడుగు జడ పిల్ల ఒకతె అందరూ ఆగేదాకా ఊరుకుంది. తర్వాత దగ్గరికొచ్చి చెప్పింది. "మా నానమ్మా వాళ్ళది సోంపేట పక్కన తాతయ్యా. మీలాగే మాట్లాడుతుంది మా నానమ్మ. మేము నవ్వుతాం." జడ వెనక్కి వేసుకుంది. "అక్కడ వేసంగిలో మధ్యాహ్నం ఎవ్వరూ మాట్లాడరు. తలుపులు మూసేసుకుంటారు. కాకులు కూడా అరవవు. ఊళ్ళో అసలు మనుషులే లేరనిపిస్తుంది. సాయంత్రం సముద్రం మీద నుంచి గాలొస్తుంది. అప్పుడు అందరూ మంచాలు వీధిలో వేసుకుని ఒక్కసారే మాట్లాడటం మొదలెడతారు. రాత్రి దాకా ఆపరు."

"రాత్రి దాకానా?" అన్నాడు తాతబాబు.

"అవును తాతయ్యా. మాకు నిద్ర పట్టనివ్వరు."

తల్లి ఏడ్చింది ఎండ కోసం కాదన్నమాట. ఆయన ఇంకేదో అడగబోయాడు. బస్సు హారన్ కొట్టింది. నాగప్పన్ చేతులు చరుస్తూ పిల్లల్ని తోలుకుపోతున్నాడు. కేసరి డబ్బా చేతులు మారి బస్సులోకి వెళ్ళిపోయింది. కిటికీల్లోంచి చేతులు ఊపారు. "టాటా తాతయ్యా! బై తాతయ్యా!" పొడుగు జడ పిల్ల ఏ కిటికీలో ఉందో కనిపించలేదు. బస్సు మలుపు తిరిగింది. దుమ్ము దిగేదాకా తాతబాబు దారి వైపే చూస్తూ ఉన్నాడు.

*

మోటారుసైకిల్ మీద ఇంటికొస్తుంటే వెనక నుంచి తనూష అంది, తమిళంలో.

"మీరూ నానమ్మా వంటింట్లో మాట్లాడుకునేవాళ్ళు కదా. నేను పక్క గదిలో హోంవర్క్ చేస్తూ వినేదాన్ని. చెట్లన్నీ తెలుసు నాకు. నాలుగోది అలుగుతుంది."

తాతబాబు బండి వేగం తగ్గించాడు.

"నేను లోపలికొస్తే ఆపేసేవాళ్ళు. నాకు చెప్పకూడనివేమో అనుకునేదాన్ని. అది మీ ఇద్దరిదీ, నాది కాదు అనుకున్నా."

జవాబు చెప్పాలని ఆయనకు అనిపించింది.  కాని ఏ భాషలో చెప్పాలి? తమిళంలో చెబితే ఆ పాత తప్పే మళ్ళీ చేసినట్టు. తెలుగులో చెబుదామంటే ఆ మాటల్ని ఈ పిల్ల వైపు తిప్పడం ఆయనకు అలవాటు లేని పని. ఎదురుగాలి మొహం మీద కొడుతోంది. 

ఆ సాయంత్రం కుర్చీలో కూచుని, నూకమ్మ ఉంటే ఈ రోజు సంగతి ఎక్కడ మొదలుపెట్టేవాణ్ణి అని ఆలోచించాడు. దోమల దగ్గర మొదలుపెట్టేవాడు. 'దోమల్రా బాబూ' అన్నాడే ఆ కుర్రోడు, అని. ఆమె పొట్ట పట్టుకుని నవ్వేది. పనీర్ మాటకు ఇంకా నవ్వేది. చెక్క తగిలిందని చెబితే మాత్రం నవ్వేది కాదు. టీ పక్కన పెట్టి, "బాగా లోతుగానా?" అనేది. గుంట అన్నీ ఇన్నాదే, అంతా వచ్చు దానికి, అని చెబితే? ఆ మాటకు ఆమె ఏమనేదో ఎంత ఆలోచించినా ఆయనకు తెలియలేదు. ఆమె మొహం ఒక్కటే కనిపించింది. గుంటతో అరవమే మాటాడమంటే "ఎందుకు?" అని అడిగినప్పటి మొహం.

మర్నాడు ఎప్పటిలాగే చీకటితో లేచాడు. ఏడు చెట్లకూ ఆ రోజు కోత లేదు. మిగతావాటి జోలికీ పోలేదు. వాగు దగ్గర మెత్తటి మన్ను తీసి, ముద్ద చేసి, మొదటి చెట్టు గాయం మీద అరచేత్తో మెత్తాడు. అంచులు వేలితో సర్దాడు. గడ్డకట్టిన పాలను ఏడు మంగుల్లోంచీ తీసి సంచిలో వేసుకున్నాడు. ఏడు గంటలకే ఇంటికి వచ్చాడు.

శనివారం కూడా కెడాలో బడి లేదు. అయినా తనూష అప్పటికే లేచి వంటింట్లో ఉంది, బల్ల దగ్గర మైలో తాగుతూ, ఫోన్ చూసుకుంటూ. తాతబాబు కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చాడు. రోజూ కూచునే కుర్చీ దగ్గరికి వెళ్ళలేదు. మూల నిలబెట్టి ఉన్న పీటను తెచ్చి బల్ల పక్కన వేసుకుని కూచున్నాడు. తనూష ఫోన్ మీద నుంచి తల ఎత్తింది.

"ఒకటోదానికి సెక్క తగిలిపోనాది నిన్న" అన్నాడు తాతబాబు. "మన్ను మెత్తినాను."

 తనూష ఫోన్ బోర్లా పెట్టింది.

"మానుతుందా?" అంది తమిళంలో.

"మానుతాది. బొడిపి ఉండిపోతాది."

"రెండోది?"

అది తమిళంలో అందో తెలుగులో అందో ఆయన పట్టించుకోలేదు. రెండో చెట్టు బెరడు ఇప్పుడు బలపడిందని చెప్పాడు. మూడోదాని మీద ఉడత తిరగడం మానేసిందన్నాడు. నాలుగోదాని దగ్గర ఆగి, పిల్ల మొహం చూసి, మళ్ళీ మొదలుపెట్టాడు. నలభై చెట్లున్నాయి. ఒక్కటీ వదలకుండా చెప్పుకుంటూ పోయాడు.